రాజు దిక్కున్నోళ్ళు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాజును ఎదిరించి గెలిచి అమెరికాను స్థాపించిన నాయకుల మీద టీవీలో ఒక డాక్యుమెంటరీ సిరీస్ వస్తోంది. చూసి ఉంటే నువ్వు టీవీతోనే పోట్లాడేవాడివి. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసినవాళ్ళు ఇళ్ళలో బానిసల్ని ఉంచుకున్న సంగతిని రెండు మాటల్లో తేల్చేశారు. తీసిన తీరు మాత్రం బాగుంది.

ఇవాళ తెలంగాణ బంద్. ఆఫీసు లేదు. కొత్తగూడలో మా ఇంటి ఓనరు యాదమ్మ పిన్ని నా పక్కన కూర్చుని చూసింది. నేను తెలుగులో చెబుతుంటే విని, "గెలిచినంక, రాజు దిక్కున్నోళ్ళు ఏమైండ్రు?" అని అడిగింది.

"చానామంది ఇండ్లొదిలి ఓడలెక్కి పోయినారంట పిన్నీ."

తెలంగాణ రావాలని ధర్నాల్లో కూర్చున్న మనిషే ఆమె కూడా. "నీ బండి లోపట పెట్టు బిడ్డా. కర్నూలు నంబరు రోడ్డు మీదికి కనబడుతున్నది" అంది.

బండి లోపల పెట్టి వచ్చేసరికి గేటు దగ్గర బంద్ చేయిస్తున్నవాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు.

"కిరాయికున్నామెది ఏ ఊరు?"

"మా అక్క బిడ్డ. ఏంది?" అంది పిన్ని.

"ఆమెనే చెప్పమను."

నోరు తెరిస్తే మన కర్నూలు మాటే వస్తుందన్నా. గొంతు పోయిందని చేత్తో చూపించాను. నమ్మారో లేదో తెలియదు. "మళ్ళొస్తం" అని వెళ్ళారు.

పిన్ని గేటుకు తాళం వేసి వచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"వస్తాండా కాదు బిడ్డా. వస్తున్న అను. ఇంకోసారి అను."