గిద్యోను దిండులో వావిలాకు

అక్కకు చెల్లెలు మార్తమ్మ వందనాలు. ఫోన్లో నోరు తెరిస్తే ఏడుపొస్తున్నది, కోడలు వింటుందని కార్డు రాస్తున్నాను. నువ్వు బస్సులో పంపిన వావిలాకు సంచి ఎల్‌బీ నగర్‌లో తీసుకున్నాను.

నా కొడుకు గిద్యోను పోయినప్పుడు కోడలు కెజియా కడుపుతో ఉంది. అప్పటి నుంచి గట్టిగా ఏడ్వలేదు. కాన్పయినా అంతే. నడుము పట్టేసినా వావిలాకు నీళ్లతో బాలింత స్నానం వద్దన్నది. "నాకెందుకత్తమ్మా గివన్నీ, ఎవలి కోసం?" అన్నది. నేను ఆకు నీళ్ల గంజులో వేసి మరగబెట్టాను. వాసన ఇల్లంతా పట్టింది. కెజియా లేచి వచ్చి, "అత్తమ్మా, గిది ఆయన దిండు వాసన!" అని నన్ను పట్టుకొని ఏడ్చింది. వాడి తలనొప్పికని నువ్వు ఎండిన వావిలాకు నింపి కుట్టిచ్చిన దిండు మీదనే ఇన్నాళ్లూ పడుకుంటున్నదట. ఏడ్చినంతసేపు ఏడ్వనిచ్చాను. ఆలోగా నీళ్లు పోసుకునే వేడికి వచ్చాయి. పోసినాక, నడుము జర తేలికయిందని రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

నీ మోకాళ్లకు కాపడం పెట్టుకుంటున్నావా, ఆకంతా మాకే కోసి పంపావా? మేక ఈనిందా? పసిదానికి నీ పాత చీర ఒకటి కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో అన్నీ దొరుకుతాయి గానీ అంత మెత్తనిది దొరకదు.

ఇంకో సంచి ఆకు పంపు. నీడలో ఎండబెట్టింది కొంచెం వేరే కట్టు. దిండులో ఆకు పొడయి వాసన పోతున్నది. పాతది పారెయ్యొద్దన్నది కెజియా. దాని మీదనే కొత్తది నింపి కుడతాను.

నీకూ బావకూ దేవుడు తోడుండాలి.