పగడాల తొట్టికి ఒక్క చిటికెడే!

జూన్ 2, సోమవారం

శుభారంభం! హాల్లోని ఉప్పునీళ్ళ తొట్టి నేటి నుంచి నా పాలనలో. కెమిస్ట్రీ లెక్చరర్‌ని, రెండు క్లౌన్ చేపల్నీ ఒక పగడాన్నీ అదుపులో పెట్టలేనా? (పగడమంటే ఉంగరంలోది కాదు. బతికున్నది. వేళ్ళన్నీ చాపి ఊగుతుంది.)

నియమాలు: రోజుకి ఒక్క చిటికెడు మేత. ఆదివారం కాసిని నీళ్ళు మార్చాలి. నైట్రేటు, ఫాస్ఫేటు పెరగకూడదు, సున్నా కూడా కాకూడదు.

మా ఆయన ప్రద్యుమ్న పందెం: నెలాఖరుకి పగడం చస్తే తొట్టి మావయ్యగారి కొరమీను పిల్లలకి. మావయ్యగారికి కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. తొట్టిని అప్పుడే జానలతో కొలిచేశారు.

జూన్ 5

నైట్రేటు పరీక్ష. గొట్టంలో లేత గులాబీ. అద్భుతం! క్లాసులో కూడా చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

జూన్ 9

పరీక్ష గొట్టంలో గులాబీ పోయింది. ఎర్రగా, ఆవకాయ నూనెలా ఉంది. అద్దం నిండా నాచు. ఎవరి పని?

అత్తయ్యగారు: "ఒక్క చిటికెడేనమ్మా. మనం టిఫిను తింటుంటే మన మొహాలే చూస్తున్నాయి."

ఈయన: "ఆఫీసు నుంచి రాగానే ఒక్క చిటికెడు."

మావయ్యగారు: "పెంటపాడు నుంచి చుట్టాలొచ్చారు కదమ్మా, తలో చిటికెడూ వేయించాను. ఇంటికొచ్చినవాళ్ళ ముందు పస్తులుంచితే ఏం బాగుంటుంది?"

గోదావరి వాళ్ళింట్లో పడటం ఆ చేపల ఖర్మ. నాది మాత్రం నియమం ప్రకారమే. రెండోసారి వేసింది ఆకలేమోనని.

జూన్ 15

కఠిన చర్యలు! మేత డబ్బా బీరువాలో, తాళంచెవి నా కొంగున. ఫాస్ఫేటు పీల్చే మందు సంచి ఒకటి వేయమని రాసి ఉంది. రెండు వేశాను. మంచిదేగా!

జూన్ 20

ఫాస్ఫేటు సున్నా. గెలిచాను!!

సాయంత్రం: పగడం వెలిసిపోయింది. వేళ్ళు ముడుచుకుంది. తిండి లేకుండా చేశాను దానికి.

జూన్ 21

మావయ్యగారు తొట్టి చూసి పెదవి విరిచారు. "నీళ్ళింత తేటగా ఉంటే ఏం బతుకుతాయమ్మా? మా చెరువుకైతే కాస్త డీఏపీ ఎరువు చల్లేస్తాం."

నవ్వబోయి ఆగాను. డీఏపీలో ఉన్నది ఫాస్ఫేటే కదా! కాలేజీ త్రాసులో రవ్వంత తూచి, కరిగించి, చుక్కలుగా పోశాను. దీన్నే శాస్త్రం అంటారు.

జూన్ 23

తొట్టిలో నీళ్ళు పెసరట్టు పిండిలా పచ్చగా చిక్కబడ్డాయి.

"నేను పోసింది చుక్కలే!" అన్నాను.

"అది చాలదేమోనని నేనో చిటికెడు వేశానమ్మా. ఒక్క చిటికెడే," అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు మెల్లగా, "మీరు మర్చిపోయారేమోనని నేనూ..."

ఈయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అంటే ఈయన కూడా.

అంతలో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. మావయ్యగారి మొహం పాలిపోయింది. చెరువులో చేప నోరు పైకి పెట్టిందంటే నీళ్ళలో ఊపిరాడటం లేదని ఆయనకి తెలుసు. "నీళ్ళు! నీళ్ళు మార్చాలమ్మా!" అంటూ పంచె ఎగ్గట్టారు.

రాత్రి దిండులో మొహం పెట్టుకుని అరిచాను. తర్వాత ఏడ్చాను. పగడం కోసం ఏడుస్తానని అనుకోలేదు.

జూన్ 29

వారమంతా నీళ్ళు మారుస్తూనే ఉన్నాం. డబ్బాలు మోసింది, ఉప్పు కలిపింది మావయ్యగారే. చెరువుల మొహం చూడలేదు. తొట్టి తేటపడింది. చేపలు దక్కాయి. పగడం ముడుచుకునే ఉంది. పందెం మాట ఎవరూ ఎత్తడం లేదు.

జూన్ 30

మావయ్యగారే లేపారు. "అమ్మా విద్యా, ఒక్కసారి రా."

పగడం అంతా సున్నం కొట్టినట్టుంది. కింద ఓ మూల మాత్రం మూడు వేళ్ళు బయటికొచ్చి ఊగుతున్నాయి.

"కొరమీనులకి చెరువుందిలేమ్మా," అన్నారాయన, కండువాతో కళ్ళు తుడుచుకుని.

జూలై 1

శుభారంభం! నియమం ఒక్కటే: మేత నా చేత్తోనే, రోజుకి ఒక్క...

హాల్లో డబ్బా మూత చప్పుడు. తాళంచెవి నా కొంగునే ఉంది!

వెళ్ళి చూశాను. కొత్త డబ్బా. ముగ్గురూ తొట్టి ముందే.

"సమయానికొచ్చావమ్మా," అన్నారు మావయ్యగారు. "మేమెవ్వరం వెయ్యలేదు, నీ కోసమే ఆగాం. నీ చేత్తో ఒక్క చిటికెడు వెయ్యి. పాపం, నిన్నంతా నీరసంగా ఉన్నాయి."

వేశాను. పొద్దున వేసింది చెప్పలేదు.

నియమం రేపటి నుంచి.