చెప్పకుండా వచ్చిన ఇల్లు

ఆత్మకూరు,
మంగళవారం.

నా చాందినికి,

ఇది ఫోన్లో చెప్పొచ్చు. కాని ఫోన్లో అయితే నువ్వు మధ్యలోనే తిట్టడం మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదివాకే తిట్టాలి. తిట్టు, అందుకే రాస్తున్నాను.

వచ్చే ఆదివారం ఇక్కడ నాకు సన్మానమట. హోల్‌సేల్ కిరాణా కొట్టు రాజమోహన్ ఇంటికొచ్చి, "అక్కా, కాదనబాక. యుద్ధానికి పోయొచ్చిన ఆడమనిషి మన పక్కన ఎవురుండారు? పెద్ద స్క్రీన్ పెట్టిస్తా ఉండా. నువ్వు టీవీలో చూపిచ్చిన ఆ తల్లి ఏడ్చేది అందరూ చూడాల" అన్నాడు. పెళ్లిలో వడ్డించబోయే వంటకాలు చెప్పినంత సంబరంగా చెప్పాడు.

నన్ను సరిహద్దుకు పంపింది నా తెలివి చూసి కాదు. పదో తరగతి తప్పి, బస్టాండులో పాత పేపర్లు చదివి విలేకరినైన దాన్ని, అందునా ఈ వయసులో, ఎవరు పంపుతారు? మా చానల్లో ఉర్దూ వచ్చింది నాకొక్కదానికే. అది ఉదయగిరిలో మీ ఇంట్లో కూర్చుని, చెక్క గరిటెలకు గరుకు కాగితం రుద్దుతూ మీ అమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఆమె ముందు తిట్లు నేర్పింది, మాటలు తర్వాత. ఒకరోజు నేను గరిటె విరగ్గొడితే ఒక మాట అంది. దాని అర్థం నాకు ఇన్నేళ్లకు, సరిహద్దులో ఒక సిపాయి మా జీపు డ్రైవర్ని తిడితే తెలిసింది. ఎక్కడికో పోతున్నాను. చెప్పాల్సినది దగ్గరపడేకొద్దీ నాకు ఇలాంటివే గుర్తొస్తాయి.

సరిహద్దులో మేం వెళ్లిన ఊళ్లో ముందురోజు ఒక ఇంటి మీద ఫిరంగి గుండు పడింది. మేం చేరేసరికి ఆ ఇంటికి ముందు గోడ లేదు. షమీమ్ అనే ఆవిడ కూతురు పోయింది. నా ఉర్దూ వినగానే ఆమె నా భుజం మీద తల పెట్టి, బిడ్డ ఎలా పోయిందో చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది అబద్ధం కాదు. అప్పుడు మా కెమెరామన్ శాంతికుమార్ నా చెవిలో, "మేడం, లైట్ చాల్లా. మొహం కనపడలా. గోడ పడిన పక్కకు తిప్పితే బాగుంటాది" అన్నాడు.

తిప్పాను, చాందినీ. ఆమెను వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టి, "ఇందాక చెప్పింది ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో! ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. అర్థమైనప్పటి ఆమె ముఖం నేను చూశాను. కెమెరా చూడలేదు. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఊరంతా చూసింది, రాజమోహన్ చూపిస్తానంటున్నది, ఆ ఏడుపే.

కళ్లు తుడుచుకుని ఆమె లోపలికి వెళ్లింది. మేం వచ్చేశాం. మా వాళ్లలో చావింటి నుంచి వచ్చేటప్పుడు "పోయొస్తా" అనరు గదా. మళ్లీ అలాంటి పని మీదే రావలసి వస్తుందని భయం. లేచి, వెనక్కి చూడకుండా నడుస్తారు. "చెప్పొద్దా మేడం?" అని శాంతికుమార్ అడిగితే, "చావింట్లో చెప్పరురా" అని పెద్దరికం కూడా చూపించాను.

సన్మానం వద్దనేదా? లేక మైకు పట్టుకుని ఇదంతా అందరి ముందూ కక్కేసేదా? కక్కితేనే తలెత్తుకోగలను అనిపిస్తోంది.

నీ తిట్ల కోసం,
రేణుక


ఆత్మకూరు,
సోమవారం.

చాందినీ, నా తల్లీ,

నీ జవాబు వచ్చేలోపే కక్కేశాను. మైకులో ఏదీ దాచలేదు. హమ్మయ్య, ఇప్పుడు తిడతారు అనుకున్నాను. ముందు వరసలో వరదయ్య మాస్టారు లేచి చప్పట్లు కొట్టాడు. వెనకే అందరూ లేచారు. "ఏం నిజాయితీ! ఈ కాలంలో ఎవురు ఒప్పుకుంటారు?" అంటూ రాజమోహన్ రెండో శాలువా కప్పాడు. ఆ తర్వాత, వద్దంటున్నా వినకుండా, స్క్రీన్ మీద ఆ ఏడుపు వేశారు. ఒక్కరూ ఆమెను చూడలేదు. నేను ఎలా చూస్తున్నానో చూడడానికి ఫోన్లన్నీ నా వైపు తిప్పారు.

ఇంటికొచ్చి షమీమ్‌కు ఫోన్ చేశాను. తప్పయిందన్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. "ఆపా, చెప్పకుండా ఎందుకు పోయారు?" అని, అక్కను అడిగినట్టు అడిగింది. మా ఆచారం చెప్పాను.

"మంచి ఆచారమే" అంది. "నేను బిడ్డ ఫోటో తేవడానికి లోపలికి వెళ్లాను. అద్దం పగిలిపోయింది, ఫ్రేములోంచి తీసేసరికి ఆలస్యమైంది. వచ్చి పిలిచాను. మీరు తిరగలేదు."

ఇన్ని రోజులుగా ఆ ఏడుపును ఇంతమందికి చూపించాను. ఆ పిల్ల ఎలా ఉంటుందో నాకే తెలియదు.

"కెమెరా లేకుండా నేనొక్కదాన్నే వస్తాను, చూపిస్తావా?" అన్నాను.

ఆమె ఎంతో మర్యాదగా, "రండి. కాని ఆపా, ఈసారి నాకు ఏడుపు రాకపోతే పరవాలేదా?" అని అడిగింది.

దీనికి ఏం చెప్పాలో నువ్వే రాయి, మీ అమ్మ నేర్పిన ఉర్దూలో అది లేదు.

ఇప్పటికీ దిక్కుతోచని
రేణుక