అట్ట మీది పేరు

నయీమ్, మనామా
1996 నవంబరు, శుక్రవారం

చిరంజీవి సత్యదుర్గను నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఆ సత్యనారాయణస్వామి దయవల్ల ఇక్కడ గల్ఫులో నేనూ మీ అమ్మా కులాసాగా ఉన్నాం. హైదరాబాదులో నువ్వు వేళకి తింటూ, కళ్ళు పాడుచేసుకోకుండా ఉన్నావని తలుస్తున్నాం.

తల్లీ, నీ ఉత్తరం మంగళవారం అందింది. గుమ్మంలో నిలబడే చదవడం మొదలుపెట్టాను. స్పానిష్ నుంచి నువ్వు తెలుగు చేసిన నవల విజయవాడ పబ్లిషరు వేస్తానన్నాడని రాసిన చోటికి వచ్చేసరికి కూర్చుండిపోయాను. నువ్వు పుట్టినప్పుడూ అంతే, ఆసుపత్రి మెట్ల మీద కూలబడితే నర్సమ్మ మంచినీళ్ళిచ్చింది. కాస్త తేరుకున్నాక కింద కొట్లో హల్వా కొని మా బిల్డింగులో గదిగదికీ పంచాను.

నా గదిలో పోశన్న అని కరీంనగర్ అబ్బాయి ఉంటాడని రాశాను కదా, తాపీపని చేస్తాడు. "ఏంది కాకా, బిడ్డ పెండ్లి కుదిరిందా?" అన్నాడు.

"అంతకంటే పెద్ద శుభకార్యంరా."

"పెండ్లి కన్న పెద్దదంటే ఇగ కఫీల్ సేటు జీతం పెంచిండా?"

"మా అమ్మాయి పుస్తకం అచ్చవుతోంది" అన్నాను. "గా రొట్టెల అవ్వ కతనా?" అని వాడు ఇంకో ముక్క హల్వా అడగకుండానే తీసుకున్నాడు.

నువ్వు పంపిన జిరాక్సు కాగితాలు సెలవురోజున గదిలో పైకి చదువుతున్నాను. గని మూతపడి ఊరు ఊరంతా లారీలెక్కి వెళ్ళిపోయినా, ఆ ముసలమ్మ ఒక్కతే తెల్లారకుండా లేచి పొయ్యి రాజేసి, తినేవాళ్ళు లేకపోయినా రొట్టెలు కాల్చే ఘట్టం పోయిన వారం చదివాను. పోశన్న అన్నాడు, "మా మేనత్త గిట్లనే కాకా. బొగ్గుబాయి బందై అందరు పోయినా క్వార్టరు ఇడువలే. మామ డ్యూటీ దిగి అస్తడన్నట్టు రోజు బువ్వ వండిపెట్టేది." మళ్ళీ తనే, "మరి గంత దూరపు దేశపామెకు మన మాట ఎట్లొచ్చింది?" అన్నాడు. "మా అమ్మాయి నేర్పింది" అన్నాను. ఆ పూట ఇంక చదవలేకపోయాను.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. నాకు బీపీ లేదు. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి చలికి కొంచెం తిరగబెట్టింది. నా బొటనవేలి నొప్పి సంగతి కింద రాస్తాను. ఇక్కడ ఇలాంటి పుస్తకాలు ఎవరు కొంటారన్నావు. కంపెనీల్లో పనిచేసే దొరలు కొంటారు, విమానం ఎక్కేవాళ్ళు కొంటారు. మా పుస్తకాల స్టోరు సారు మలయాళీ. ఆ స్పానిష్ దేశాల కథలు వాళ్ళ భాషలో ఎన్నో ఉన్నాయట, ఊరు వెళ్ళినప్పుడల్లా తెచ్చుకుంటాడు. "మీ తెలుగులో లేవా అచ్చిబాబు భాయ్?" అని ఒకసారి అడిగాడు. "వస్తున్నాయండి, మా అమ్మాయి తెస్తోంది" అన్నాను.

ఇక అసలు విషయం. అట్ట మీద ఆ విదేశీ రచయిత పేరొక్కటే వేస్తాననీ, నీ పేరు లోపలెక్కడో చిన్నగా వేస్తాననీ పబ్లిషరు అన్నాడని రాశావు. అనువాదమని పైనే తెలిస్తే కొనేవాడు ఎంగిలి కూడనుకుంటాడన్నాడట. ఒప్పుకుంటే ఫిబ్రవరికల్లా పుస్తకం వస్తుంది, ఒప్పుకోకపోతే కాగితాలు మూలపడతాయి. ఏం చెయ్యను నాన్నా అన్నావు.

పరాయి ఇంట వండినదాన్ని మన విస్తట్లోకి తెచ్చి వడ్డిస్తే అది ఎంగిలెలా అవుతుందమ్మా? అయినా నేను ముందు ఒప్పేసుకోమని రాద్దామనుకున్నాను. మా ఇద్దరికీ ఫిబ్రవరిలో సెలవు దొరికింది. దొరికిందంటే మాటలు కాదు, రెండేళ్ళకోసారి ఇచ్చేది. విజయవాడలో నీ సభలో ముందు వరసలో కూర్చోవాలని మీ అమ్మ చీర కూడా తీసి పెట్టుకుంది.

ఈ వేళ గలాలీ నుంచి వచ్చింది మీ అమ్మ. తను వంట చేసే మేడమ్ గారింట్లో శుక్రవారమే విడుపు. నీ ఉత్తరం చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ విన్నది. చేట పక్కన పెట్టి, "ఏవండీ, చుట్టాలొచ్చినప్పుడు ఆ మేడమ్ నా చేపల పులుసుని తనే వండానని చెప్పుకుంటాది. నేను వంటగది తలుపు చాటున నిలబడి ఇంటాను. నవ్వొస్తాది. నాకు పోయేదేముంది, రేపు మళ్ళీ వండుతాను. పిల్లని మాత్రం అలా తలుపు చాటున నిలబెట్టకండి" అంది.

అప్పుడే మీ అమ్మకి ఒక సంగతి చెప్పాను. నీకూ చెప్పాలి. ఆ నవల ఇంగ్లీషులో అక్కడికి వచ్చిందా, ఎలా పోతోంది అని నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను దాటేస్తూనే ఉన్నాను.

వచ్చిందమ్మా. పోలేదు.

స్టోరులో నాది పెట్టెలు మోసే పని అని రాస్తూ వచ్చాను. అది సగమే. అమ్ముడవని పుస్తకాలు కొట్లనుంచి మాకు తిరిగొస్తాయి. అంత బరువు మళ్ళీ లండన్‌కి పంపడం దండగని, అట్టలు మాత్రం చింపి కట్టకట్టి పంపుతారు. అట్ట చేరితే పుస్తకం చేరినట్టే వాళ్ళకి. అట్ట లేని పుస్తకాలు తుక్కు లారీకి పోతాయి. ఆ చింపేవాణ్ణి నేను. వేలి నొప్పి అందుకే.

మొన్న ఎండాకాలంలో ఒక పెట్టె విప్పితే, నువ్వు నీ కాగితాల మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆ రచయిత పేరు కనిపించింది. ఏడో తరగతి చదువు నాది, కూడబలుక్కుని చదివాను. అదే. అట్ట మీద రొట్టెల పొయ్యి బొమ్మ. ఇంకొన్నాళ్ళు ఉంచుదామండి అని సారుని బతిమాలాను. "అచ్చిబాబు భాయ్, కొట్లో వీటిని ఎవరూ ముట్టుకోనే లేదు. ఖలాస్ చేసెయ్" అన్నాడు మెత్తగానే. చింపాను. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాక అన్నీ నేనే చింపాను. అప్పటికి నువ్వు తెలుగు చేస్తూ సగంలో ఉన్నావు. చెబితే నీ కలం ఆగిపోతుందని నోరు మూసుకున్నాను.

అట్ట పోయాక లోపలి పేజీ బయటపడింది. పైన రచయిత పేరు, అడుగున చీమంత అక్షరాల్లో ఇంకో పేరు. స్పానిష్ నుంచి ఇంగ్లీషు చేసినామె అని సారు చెప్పాడు. చేతిలోని అట్ట అటూ ఇటూ తిప్పి చూశాను. ఆమె పేరు లేదు. అట్టలు లండన్ వెళ్ళాయి, ఆమె పేరు తుక్కు లారీ ఎక్కింది. ఆమెకీ ఎక్కడో నాన్న ఉండి ఉంటాడు. కూతురు కళ్ళు పాడుచేసుకుని చేసిన పని ఏ ఊళ్ళో ఎలా ముగిసిందో ఆయనకి కబురైనా అందదు.

కాబట్టి తల్లీ, అట్ట మీద నీ పేరు వేస్తేనే కాగితాలు ఇవ్వు. ఫిబ్రవరి దాటిపోతే పోనీ, మీ అమ్మ చీర మడత పెట్టేసింది. మేము లేకుండా నీ పుస్తకం రావచ్చు, నీ పేరు లేకుండా రాకూడదు. ఆ పబ్లిషరు కాదంటే ఇంకొకరి గుమ్మం ఎక్కు. ఆలస్యానికి భయపడకు. పుస్తకం బాగా పోతుందని నేను చెప్పలేను, పోనివాటిని రోజూ చూస్తున్నవాణ్ణి. పోకపోతే అది ఏదో ఒకనాడు నాలాంటివాడి చేతికి వస్తుంది.

వాడు నీ పేరు చదివే చింపాలి.

మీ అమ్మ దీవెనలు. రొట్టెల అవ్వ చివరికి ఏమవుతుందో ముందే చెప్పొద్దని పోశన్న రాయమన్నాడు.

ఇట్లు,
సత్యదుర్గ వాళ్ళ నాన్న,
అచ్చిబాబు