మాణిక్యం జంక్షన్‌కి ఆఖరి బండి

మాణిక్యం జంక్షన్ స్టేషన్ మాస్టరు శ్రీ తాతారావుగారికి,
కనకమహాలక్ష్మి రోడ్డు స్టేషన్ నుంచి సూర్యప్రకాశరావు నమస్కారాలు.

రైలు సంగతులు నోటితో మాట్లాడుకోకూడదు, కాగితం మీద రాసి బండిలోనే పంపుకోవాలి అని మనం పెట్టుకున్న నియమం ప్రకారం ఈ ఉత్తరం మధ్యాహ్నం బండిలో పెడుతున్నాను. కూచుని చదవండి.

మన లైను మూసేద్దామని నిర్ణయించుకున్నాను.

మీ పెరట్లో బయల్దేరి, ప్రహరీ గోడ కన్నంలోంచి మా కొబ్బరితోటలోకి వచ్చి, బోదె కాలవ మీద వంతెన దాటి, చెట్ల చుట్టూ తిరిగి మళ్ళీ మీ గుమ్మం చేరే ఈ బుల్లి రైలంటే నాకూ ప్రాణమే. స్టేషన్లకి మన ఇంటావిళ్ళ పేర్లు పెట్టుకున్నాం. అమలాపురానికి అసలు రైలు ఎప్పుడొస్తుందో గానీ, ఈ చుట్టుపక్కల పిల్లలకి ఆదివారాలు రైలు కూత వినిపించింది మనమే. అయినా ఎన్నాళ్ళని? పట్టాలు తుప్పు పట్టాయి. వానొస్తే వంతెన కింద మట్టి జారిపోతోంది. కొబ్బరికాయ పడి బోగీ నుజ్జయినప్పుడల్లా మనమిద్దరమే విచారణ సంఘంగా కూచుని, తప్పు కొబ్బరికాయదేనని తేల్చడం నాకు విసుగొచ్చింది.

ఈ ఆదివారంతో ఆపేద్దాం.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. ఇది మీ మీద కోపంతో కాదు. మీరలా అనుకుంటారేమోనని ముందే రాస్తున్నాను.

*

మాస్టారికి తాతారావు దండాలు.

ఉత్తరం మధ్యాహ్నం బండికి అందింది. కోపం కాదని మీరు రాసేదాకా నాకు కోపమన్న అనుమానమే లేదండి. ఇప్పుడొచ్చింది.

తుప్పంటారా? అంతర్వేది దగ్గర ఉప్పునీళ్ళలో తిరిగే లాంచీ ఇంజన్లకి జీవితమంతా మరమ్మతు చేసినోణ్ణి. నాకు తుప్పు చూపించి భయపెడతారా? మట్టి జారితే రాయి వేద్దాం. కొబ్బరికాయల సంగతంటే, చెట్లెక్కి దింపు తీసే సాలమోనుకి ముందే కబురెడితే సరి. ఇవేవీ కారణాలు కావు మాస్టారూ. లెక్కల పంతులుగారు తప్పు లెక్క చెబుతుంటే లాంచీ మేకానిక్కి కూడా తెలుస్తుంది.

మొన్న ఎర్ర చొక్కా ఆయనెవరో టేపు పట్టుకుని మీ పెరడు కొలిచేడు. మా నీళ్ళ ట్యాంకు ఎక్కి చూసేను. నన్ను చూడగానే మీరు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసికెళ్ళిపోయేరు. ఎవరండీ ఆయన?

ఉంటానండి,
తాతారావు

తా.క. రొయ్యల చెరువు తవ్వేవాళ్ళు కూడా ముందు టేపుతోనే వస్తారంట. ఊరికే రాసేను. మీ మనసులో పెట్టుకోకండి. పెట్టుకున్నా పరవాలేదు.

*

తాతారావుగారికి,
సూర్యప్రకాశరావు నమస్కారాలు.

మీరు ట్యాంకు ఎందుకెక్కారు? ఎవరిని అడిగి ఎక్కారు? ఈ వయసులో ఇనప నిచ్చెన ఎక్కడమేమిటి? ఇంకెప్పుడూ ఎక్కకండి. ఈ ఒక్క మాట దయచేసి వినండి.

ఎర్ర చొక్కా ఆయన సంగతి మా ఇంటి సొంత విషయం. దానికీ రైలుకీ సంబంధం లేదు. మీతోనే కాదు, ఎవరితోనూ చెప్పుకునే విషయం కాదది.

లైను మూసెయ్యడం మాత్రం ఖాయం. ఆదివారం బండి కాగానే సోమవారం పొద్దున్న పట్టాలు ఎత్తడం మొదలుపెడతాను.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. మీరు ఒక్క మేకు కూడా ముట్టుకోనక్కర్లేదు. మీ వైపు పట్టాలు కూడా నేనే వచ్చి పీకుతాను. మీరు అరుగు మీద కూచుంటే చాలు.

*

సూర్యప్రకాశరావుగారికి,

ఇంతకాలం మాస్టారని రాసేను. ఈ పూటకి పేరు పెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీ తోటలో పట్టాలే కాదు, నా తోటలోవి కూడా పీకుతారా? నేను అరుగు మీద కూచుని చూస్తుండాలా? ట్యాంకెక్కితే మీ రొయ్యల చెరువు కనబడిపోతుందని ఎక్కొద్దంటారా? ఆయ్, అలాగేనండి. నేను రోజూ ఎక్కుతాను.

ఇంజను నా షెడ్డులో పెట్టి తాళం వేసేను. తాళంచెవి మా మాణిక్యం కొంగుకి కట్టేను. ఈ విషయంలో నాకు ఆవిడంత నమ్మకమైన మనిషి లేదు. ఆదివారం బండి మీ వైపుకి రాదు. గోడ దాకా వచ్చి వెనక్కి వెళ్తుంది. పిల్లలు అడిగితే ఆ పక్క పరదేశం అని చెబుతాను.

తాతారావు

తా.క. బండి లేదు గనక ఈ ఉత్తరం కొబ్బరి పీచు డొక్కకి చుట్టి గోడ మీంచి విసురుతున్నాను. ఎవరికైనా తగిలితే విచారణ సంఘానికి రాసుకోండి. అందులో సగం నేనే.

*

తాతారావుగారికి,

డొక్క ఎవరికీ తగల్లేదు. ఎండబెట్టిన వడియాల మీద పడింది. మా కనకం ఏమీ అనలేదు. ఎందుకోగాని, ఈ మధ్య మీరేం చేసినా ఆవిడ ఏమీ అనడం లేదు.

మీరు ఇంజను దాచారు. సరే. ఈ పొద్దున్న నేను వంతెన మీద పట్టాలు ఎత్తేశాను. రాసినంత తేలిగ్గా ఎత్తలేదు. మేకు ఊడదీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు బోదె గట్టు మీదే కూచున్నాను. ఇంతకంటే రాయలేను.

రెండు రోజులుగా వాన. గట్టు జారుతోంది. మీరు బోదెలోకి మాత్రం దిగకండి. నా మీద ఒట్టు.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. ఈ ఉత్తరం మాణిక్యమ్మగారి చేతికే ఇస్తున్నాను. తీసుకుంటూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకని మీరు అడగవద్దు.

*

సూర్యప్రకాశరావుగారికి,

మా ఆవిణ్ణి కూడా ఏడిపించేరు. బాగుంది.

ఆదివారం పిల్లలొచ్చేరు. దేవసహాయంగారి మనవరాలు లక్ష్మీప్రసన్న గోడ కన్నంలోంచి తొంగి చూసి, ‘వంతెన మీద పట్టాలేవి తాతా? వరదొచ్చిందా?’ అంది. ఏం చెప్పమంటారు? వరద కాదమ్మా, మాస్టారొచ్చేరు అన్నాను.

మీరు పీకిన చోట నేను మళ్ళీ వేస్తాను. వాన తగ్గేదాకా కూడా ఆగను. పట్టా నా భుజాన, సుత్తి నా చేతిలో. ఒట్టంటారా, మీ మీదే కదా పెట్టుకున్నారు. నా మీద కాదుగా.

తాతారావు

తా.క. మీ తోటలో రొయ్యల చెరువని ఊరంతా అనుకుంటోంది. ఎవరు చెప్పేరని అడుగుతారేమో. నేనే చెప్పేను.

*

తాతారావుగారికి,

ఆసుపత్రిలో మీ మంచం పక్కన పొద్దుటంతా కూచుని కూడా ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. నోటికి రానిది చేతికొస్తుందేమోనని ఇంటికొచ్చి రాస్తున్నాను. కనకం తెచ్చే కేరేజీలో చారు గిన్నె మీద ఉంటుంది ఈ ఉత్తరం.

నిన్న వానలో మీరు బండికి ఊదే గార్డు ఈల వినబడగానే, పంతానికి బండి తీశారనుకున్నాను. కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ ఈల. వేసుకోనీ అనుకున్నాను. ఆపకుండా వేస్తూనే ఉంటే ఒళ్ళు మండిపోయి, గొడుగైనా తీసుకోకుండా, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ వచ్చాను. వచ్చేసరికి మీరు బోదెలో వెల్లకిలా పడి ఉన్నారు. పట్టా గుండెల మీద ఉంది. ‘కాళ్ళు తెలియడం లేదండి మాస్టారూ’ అన్నారు. వాన నీరు మీ చెవుల దాకా వచ్చింది. ఇంకాసేపు నేను కుర్చీలోనే కూచుని ఉంటే ఏమయ్యేదన్న ఊహతోటే రాత్రంతా నిద్రలేదు.

మన వీధి అయ్యప్ప ఆటోలో మా తలుపు చెక్క మీద మిమ్మల్ని అడ్డంగా పెట్టి అమలాపురం దాకా పట్టుకుని కూచున్నాను. మీ కాలి బొటనవేలు కదిలిందని డాక్టరు చెప్పినప్పుడు వరండాలోకి ఎందుకు వెళ్ళిపోయానో మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. వినాయక చవితి వెళ్ళాక ఒక రోజు మాణిక్యమ్మగారు మా పెరటి గుమ్మంలోకి వచ్చారు. ‘ఈయన నడుం ఎముక అరిగిపోయిందండి. ఇంకోసారి బరువెత్తితే కాళ్ళు పడిపోతాయని కాకినాడ డాక్టరు చెప్పేడు. మీకు తెలిస్తే లైను మూసేస్తారని నాచేత ఒట్టేయించుకున్నారు. నేను చెప్పేనని తెలియకూడదు. ఎలాగోలా మీరే మూసెయ్యండి బాబూ’ అని చేతులు పట్టుకున్నారు. మూసింది అందుకు. తుప్పూ కాదు, కొబ్బరికాయా కాదు. మిమ్మల్ని కాపాడదామనుకుని మిమ్మల్ని బోదెలోకి దింపింది నేనే.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మీ
సూర్యప్రకాశరావు

తా.క. ఎర్ర చొక్కా ఆయన కమోడు బిగించే మేస్త్రి. మోకాళ్ళు నాకూ వంగడం లేదు. రొయ్యల చెరువని ఊరంతా చెప్పిన నోటితోనే ఇది కూడా మీరే చెప్పండి.

*

మాస్టారికి తాతారావు వేయి దండాలు.

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు పోటు మీద నావల్లా ఊగుతాయి, సర్దుకుని చదువుకోండి.

ముందు తిట్ల సంగతి. ఆ వానలో ఈల వేసి వేసి ఊపిరి అయిపోయిందండి. ఇంకెవరూ రారనుకున్నాను. అంతలో దూరంగా మీ తిట్లు వినబడ్డాయి. అవి దగ్గరికొస్తున్నకొద్దీ ప్రాణం లేచొచ్చింది. మంత్రం విన్నా అంత ధైర్యం రాదు. మీరు క్షమాపణల సంగతి రాసేరు గానీ, ఆ తిట్లు తిట్టి ఉండకపోతే నాకు మీరొస్తున్నారని ఎలా తెలిసేది?

మాణిక్యం మీద కోపం రాలేదు. రావడానికి నాకు మొహం లేదు. ఎందుకో చెబుతాను.

మీ మొదటి ఉత్తరం అందిన మర్నాడు కనకమ్మగారు మా ఇంటికొచ్చేరు. ‘అన్నయ్యగారూ, లైను ఆపనివ్వకండి. రిటైరైన కొత్తల్లో ఈయన గోడకేసి చూస్తూ అన్నం కూడా మానేసి కూచోడం మీకు తెలుసుగా. బండి ఆగితే మళ్ళీ అలాగే అయిపోతారు. మీరెంత పేచీ పెట్టినా నేనేమీ అనను’ అన్నారు. ఆయ్ అన్నాను. ఆ పేచీయే ఇన్ని ఉత్తరాలూ, ఆ డొక్కానూ.

ఇంకోటి కూడా ఉందండి. మొదట్లో ‘మాస్టారూ, మన తోటల్లో రైలు వేద్దామా, చిన్నప్పట్నించీ నాకు పిచ్చి’ అని మీ దగ్గరికొచ్చేను చూడండి, అది కూడా కనకమ్మగారు పంపితేనే. ఆయన్ని ఏదో ఒక పనిలో పెట్టండి అని బతిమాలేరు. నాకు రైళ్ళంటే అప్పటికి గిట్టదు. ఒకే ఒక్కసారి ఎక్కేను, దారంతా వాంతులు. పడవ వేద్దామంటే మీకు నీళ్ళంటే భయం. అందుకని రైలన్నాను. మీ కోసం మొదలెట్టింది నాకెప్పుడు అంటుకుందో తెలీదు. వంతెన మీద మొదటి బండి దాటినప్పుడు మీరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేరు. ఆ రోజే అయ్యుంటుంది.

పోయినేడు వానలకే మూసేద్దామనిపించిందండి. వంగితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మీకోసం మూయకుండా ఆగేను. మీరు నాకోసం మూసేరు. ఎవరో ఒకళ్ళం నోరు తెరిచి మాట్లాడుకుని ఉంటే సరిపోయేది. పాడు నియమం పెట్టుకున్నాం.

మూసేద్దామండి. నేను ఇంటికొచ్చేక ఒక ఆదివారం పిల్లలందర్నీ పిలిచి ఆఖరి బండి తీద్దాం. ఇన్నేళ్ళూ ఇంజను హేండిల్ మీకు ఇవ్వలేదు, చెడగొడతారని. ఆ రోజు మీరే నడపండి. చెడగొట్టినా పరవాలేదు. ఆ తర్వాత ఇంజనూ బోగీలూ బడికిచ్చేద్దాం. పట్టాలు సాలమోను చేత ఎత్తిద్దాం. మనిద్దరం చెరో కుర్చీలో కూచుని ఆ పట్టా అలా కాదు, ఈ మేకు ఇలా కాదు అని వాణ్ణి విసిగిద్దాం.

మర్నాటి నుంచి మీరు గోడకేసి చూస్తూ కూచోడానికి వీల్లేదు. పొద్దుటా సాయంత్రం నడవాలంట నేను, పక్కన ఒక మనిషి చెయ్యి పట్టుకుంటేనే. మాణిక్యానికి నా బరువు ఆగదు. మీరు రావాలి. మీకూ మోకాళ్ళు బాగోలేదు గనక ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఊరికి తెలియదు.

ఎప్పటికీ మీ
తాతారావు

తా.క. ఒక పొరపాటు జరిగిందండి. మీ ఉత్తరం పైకి చదివేను. మాణిక్యం, కనకమ్మగారు ఇద్దరూ మంచానికి అటొకరు ఇటొకరు ఉన్నారు. ఆనక కనకమ్మగారి సంగతి కూడా నోరుజారేను. ‘నాతో ఒక్క మాట చెప్పేవు కాదేం?’ అని ఈవిడ, ‘నువ్వు చెప్పేవా?’ అని ఆవిడ. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. కనకమ్మగారు కేరేజీ ఇక్కడే వదిలేసి బస్సెక్కేరు. అయ్యప్ప చేత పంపుతున్నాను. పై గిన్నెలో నా ఉత్తరం ఉంటుంది, కింద గిన్నెలో మాణిక్యం కనకమ్మగారికి రాసింది. అది మాత్రం మీరు విప్పకండి. నాకూ చూపించలేదు.