కుర్చీ మనిషి తిండి

మస్తాన్‌బీకి సలాం. కంగారుపడవద్దు, కార్డు రాసే ఓపిక ఉంది. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు.

నిన్న రొయ్యల గుంట గట్టు మీద మేత బస్తా మోస్తూ కళ్ళు తిరిగి పడ్డాను. "కాలేషా మళ్ళీ నాటకం మొదలుపెట్టినాడు" అని అందరూ చప్పట్లు కొట్టారు. నీళ్ళు చల్లితే గానీ లేవలేదు.

మోకాళ్ళ కోసం బరువు తగ్గమన్న డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే, నర్సును నవ్విద్దామని "కుర్చీలో కూర్చుని కేకలేసే పని" అన్నాను గదా. ఆ కుర్చీ మనిషికి రాసిచ్చిన రెండు పుల్కాలతో నేను బస్తాలు మోస్తున్నాను. ఇంకోటి తింటే మోకాళ్ళు పోతాయేమో, తినకపోతే ప్రాణం పోతుందేమో.

నువ్వు ఆ డాక్టరు దగ్గరికి పోయి నా అసలు పని చెప్పి, తిండి మళ్ళీ రాయించు. నీ మొహం చూసి ఎవరూ నవ్వరు గాబట్టి నమ్ముతాడు. మేక ఈనిందా? అమ్మకు సలాం, పిల్లలకు దువా. నువ్వు కూడా నాటకమనుకునేవు, కాదు.

కాలేషా