పారబోసిన పెరుగు

నాచారం

మహిపాల్ బావకు,

దుర్గాభవాని నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగానే ఉన్నాం. నాసిక్‌లో నువ్వు కూడా వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని అనుకుంటున్నాను. అత్తమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగావు. రామంతాపూర్ డాక్టరు ఇచ్చిన మందుతో కొంచెం నయం. మెట్లు మాత్రం ఇంకా గోడ పట్టుకునే దిగుతోంది.

మీ రూములో వండుకోవడానికి కీరా పెరుగు ఎలా చేయాలో రాయమన్నావు. ముందు కీరా ముక్క కొరికి చేదు లేదని చూసుకో. చెక్కు తీసి తురిమి, ఉప్పు చల్లి కాసేపు వదిలెయ్. ఊరిన నీరంతా గట్టిగా పిండెయ్, లేకపోతే పెరుగు పలచబడిపోతుంది. పులవని పెరుగు గిలక్కొట్టి అందులో కలుపు. పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి చాలు. చేసిన పూటే తినెయ్యండి.

ఈ కీరా పెరుగు గురించే నీకు ఒక సంగతి చెప్పాలి బావా. ఫోన్లో చెబితే సగంలోనే నా మీద కేకలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

కొమురెల్లి మామ క్యాటరింగ్‌లో పని ఎలా ఉందని కూడా అడిగావు కదా. నీ మేనమామే కాబట్టి ఫికర్ లేదని నువ్వే చేర్పించావు. మొన్న ఆదివారం ఉప్పల్‌లో పెళ్లి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు సర్దడానికి వెనక్కి వెళ్లాను. వంటమేస్త్రీ పవన్‌కుమార్ టేబుళ్ల మీద మిగిలిన రైతా కప్పులన్నీ ఒక డ్రమ్ములోకి వంచుతున్నాడు. బిర్యానీ మెతుకులు, పిండి పడేసిన నిమ్మచెక్కలు, ఎవరో మూతి తుడుచుకున్న కాగితం, అన్నీ అందులోనే. జల్లిగరిటెతో పైవి ఏరేస్తున్నాడు. ఎర్రటి నూనె తెట్టు కట్టి పుల్లటి కంపు కొడుతోంది. పారబోయడానికే అనుకున్నాను.

అంతలో మామ వచ్చి అందులో కొత్త పెరుగు పోసి, ఇంత కీరా తురిమి కలపమన్నాడు.

"ఇదేం జేస్తరు మామా?"

"సాయంత్రం హబ్సిగూడల సీమంతం ఉంది గదా. గాడికి పోతది."

"ఎంగిలిది మామా! కడుపుతోని ఉన్న పిల్ల తింటది."

"జర ఉప్పేసి కలుపు బిడ్డా. పెరుగుల ఏం కనవడది, అంత తెల్లగనే ఉంటది."

ఆ మాట అంటూ నవ్వాడు. నా చేతికే గరిటె ఇచ్చాడు. నేను డ్రమ్ము అంచు పట్టుకుని మోరీ కాలవలోకి వంచేశాను. సగం నా బట్టల మీదే పడింది. తలారా స్నానం చేసినా ఆ కంపు పోలేదు.

దాచింది ఇదే. మామ అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టి, మళ్లీ రావద్దన్నాడు. నువ్వు ఫోన్ చేసి పనికి పోతున్నావా అంటే ఊ అన్నాను. అత్తమ్మతో నాకు ఒంట్లో బాగోలేదని, అందుకే పనికి పోవట్లేదని చెప్పాను. తన తమ్ముడి మీద నా మాట నమ్ముతుందో లేదోనని భయం.

నిన్న మామ నా మీద చెప్పడానికి ఇంటికొచ్చాడు. భోజనం వేళ. అత్తమ్మ వడ్డించమంది. పప్పన్నం కడుపునిండా తిన్నాడు. ఎండకు అత్తమ్మ అడిగిందని చేసిన కీరా పెరుగు తెస్తే, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా. బయటి పెరుగు నేను ముట్ట."

"అక్క ఇల్లు నీకు బయట ఎప్పటిసంది అయిందిరా?" అంది అత్తమ్మ.

ఆయన నా వైపు చూసి, వెంటనే తల తిప్పుకున్నాడు. అత్తమ్మ అది చూసింది. "ఏమైంది దుర్గా?" అంది. ఆయన ఎదురుగానే మొత్తం చెప్పాను. అబద్ధం అని ఒక్కసారి కూడా అనలేదు. "అందరు జేసేదే గదక్కా" అన్నాడు.

అత్తమ్మ మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. లేచి ఆయన ముందున్న కంచం తీసేసింది.

"చెయ్యి కడుక్కో తమ్మీ. ఇగ ఈ ఇంట్ల నీకు బువ్వ లేదు."

ఆయన వెళ్లాక ఆ కంచం తోమింది. వాసన చూసింది. మళ్లీ తోమింది. చివరికి తీసుకెళ్లి పాత సామాన్లవాడి బండిలో వేసొచ్చింది.

మామకు ఫోన్ చేసి నా తరఫున తప్పయిందని మాత్రం అనకు బావా. అలా అన్నావంటే నీకు అన్నం పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

ఇట్లు,
నీ భార్య
దుర్గాభవాని